రేకు కవచంలో బొచ్చె చేప

పోలరాజు సినిమాకి వస్తే హీరో ముఖం కన్నా ముందు రేకుని చూసేవాడు. విలన్ ఇంట్లో ఇనప తలుపు దబ్బున మూసుకుంటే నా వైపు వంగి, "ఆ మోత విన్నావా పున్నయ్యా? అది ఇనుం కాదు. చెక్కకి వెండి రంగు కొట్టారు" అనేవాడు. రంగు సంగతి నేను పట్టాలి గానీ, ముందు అతనే పట్టేవాడు.

విజయవాడ ఆటోనగర్లో మా షెడ్లు పక్కపక్కనే. నేను లారీల మీద పేర్లు, నంబర్లు రాసేవాణ్ణి, వెనక డోరు మీద తామరపూలు వేసేవాణ్ణి. అతను చేపల వ్యాన్లకి ఐసు పెట్టెలు కట్టేవాడు. బయటొక రేకు, లోపలొక రేకు, రెంటి నడుమ థర్మోకోల్. మా ఇద్దరి మధ్య కూడా రేకు గోడే అడ్డం. అతని సుత్తి ఆగిందంటే టీ వేళయిందని తెలిసేది. ఏళ్ల తరబడి ఆ మోత వింటూ పూలు వేశాను. ఇప్పుడు సద్దు లేని చోట కూర్చుంటే నా గీత వంకర పోతుంది.

అతని సొంతూరు బందరు పక్కన గిలకలదిండి. ఇంటిల్లిపాదీ సముద్రం మీద బతికేవాళ్లే. ఇతనికి మాత్రం పడవెక్కితే కడుపులో తిప్పేది. తల్లి సీతారావమ్మ చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బందరు బజారుకి వెళ్లేది. ఐసు ఒక వరస, చేప ఒక వరస, పైన తడి గోనె. సర్దేటప్పుడు కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కటే మాట చెప్పేదట.

"ఎక్కడా ఖాళీ ఉంచమాక. చెయ్యి పట్టేంత ఖాళీ ఉన్నా చేప దాంట్లో కొట్టుకుంటది. ఒకసారి చచ్చిందాన్ని మళ్లీ చంపమాక."

ఆ మాట మూటగట్టుకుని తొంభై రెండులో ఆటోనగర్ చేరాడు. అప్పుడే కైకలూరు వైపు వరి చేలు ఒక్కొక్కటీ చేపల చెరువులవుతున్నాయి. ఎక్కడ చూసినా వ్యాన్లు, లారీలు, ఐసు. పెట్టె కట్టేవాడికి చేతినిండా పని. అయితే పోలరాజు పని నేర్చుకున్న తీరు వేరు. తొలి పెట్టె కట్టాక అది మంచిదో కాదో ఎలా తెలుస్తుందని ఆలోచించి, ఖాళీ పెట్టెలో తనే ఎక్కి పడుకున్నాడు. మూత ఓరగా తీసి ఉంచమని డ్రైవర్‌కి చెప్పి, కైకలూరు నుంచి విజయవాడ దాకా అలాగే వచ్చాడు. దిగేసరికి మోచేతులు, మోకాళ్లు, నుదురు కమిలిపోయి ఉన్నాయి.

"ఏంటయ్యా ఇది?" అన్నాను.

"చేప కష్టం తెలిసొచ్చింది" అన్నాడు.

మర్నాడు మళ్లీ వెళ్లాడు. ఈసారి చుట్టూ గోనెసంచులు కూరించుకున్నాడు. షెడ్డు ముందు వ్యాను ఆగితే దిగలేదు. చూస్తే నిద్రపోతున్నాడు. "అమ్మ చెప్పిందే రైటు" అన్నాడు లేచి ఆవలిస్తూ. ఆ రోజు నుంచి అతని పెట్టెలో చేప నలిగిందన్న మాట ఎవరి నోటా వినలేదు. పొగరన్నది ఎరగని మనిషికి ఆ ఒక్క విషయంలో కొంచెం ఉండేది. తప్పు పుట్టింది కూడా అక్కడే.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో గాంధీనగర్‌లో ఒక ఇంగ్లీషు సినిమా తెలుగు మాటలతో ఆడింది. ఒంటినిండా ఇనప కవచం తొడుక్కుని ఎగిరే హీరో కథ. ముగ్గురం వెళ్లాం. మూడోవాడు కోటి, పోలరాజు బావమరిది. ఇరవయ్యారేళ్లవాడు, చేపల వ్యాను డ్రైవరు. తొలి ఆట చూడకపోతే వాడికి అన్నం సయించదు. తెర మీద హీరో ముప్ఫై అంతస్తుల మీద నుంచి పడ్డాడు. రోడ్డు పగిలింది. ఒక మోకాలు నేలకి ఆనించి, తల ఎత్తి, లేచి నిలబడ్డాడు. హాలంతా ఈలలు. కోటి కుర్చీ ఎక్కాడు.

"దిగరా, వెనకాళ్లు తిడతన్నారు" అని వాడి చొక్కా పట్టి లాగి, పోలరాజు నన్నడిగాడు. "ఆ రేకు మందం ఎంత గేజీ అంటావు?"

బయటికి వచ్చాక సోడా బండి దగ్గర అసలు చర్చ మొదలైంది.

"ఒక్క రివెట్టు కనపళ్లేదు. వంగినచోట మడత లేదు. అట్టాంటప్పుడు మోకాలు మడతపడేదెట్టా?" అన్నాడు పోలరాజు.

"అది అమెరికా రేకు బావా."

"అమెరికా అయినా రేకు రేకేరా. లోపల వాడికి చెమట పడితే ఎటు పోద్ది? గంటలో ఉడికిపోడూ?"

"ఏసీ ఉంటది."

"ఏసీకి కరెంటో?"

నేను కూడా ఒక మాట వేశాను. పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకం నా దగ్గర ఉండేది. తామరపూల మధ్య ఖాళీలో చదివేవాణ్ణి. "మనిషి బరువు, ఇనుము బరువు కలిపి గాల్లో నిలబెట్టాలంటే కిందికి అంత గాలినీ నెట్టాలి. వాడు లేచినచోట సోడా బండే కాదు, మనమూ మిగలం. ఇక ఆ కరెంటంతా వీపు మీద మోయాలంటే ఇబ్రహీంపట్నం కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాల్ని కట్టుకు తిరగాలి."

"మీ ఇద్దరితో సినిమాకి రావటం నాదే బుద్ధి తక్కువ" అన్నాడు కోటి. "సరే, ఎగరటం వదిలెయ్యండి. పడటం సంగతి చెప్పండి. పడితే ఆగుద్దా లేదా?"

పోలరాజు సోడా సీసా తిప్పుతూ చాలాసేపు ఆలోచించాడు. "పడటం అంటే ప్యాకింగు బట్టి ఉంటదిరా. ఖాళీ లేకుండా కూరితే ఆగొచ్చు" అన్నాడు.

ఆ మాటలో నాకూ ఎక్కడా తేడా కనిపించలేదు. పుస్తకం చదివినవాణ్ణి, నాకైనా తట్టాల్సింది.

ఆటోనగర్లో దసరాకి ఆయుధ పూజ జరిగితే చూడాలి. సుత్తులు, కత్తెరలు, వెల్డింగు మిషన్లు కడిగి బొట్లు పెడతారు. లారీలకి అరటి పిలకలు కడతారు. మా వీధిలో ఇంకో అలవాటు ఉండేది. ఏటా ఒక షెడ్డువాళ్లు రేకుతో ఏదో ఒక వింత చేసి చూపించాలి. ఒకసారి తొండం ఊపే ఏనుగు, ఇంకోసారి రెక్కలాడించే హంస. ఆ ఏడు వంతు పోలరాజుది. కోటి ఎవరినీ అడక్కుండా వీధి కమిటీ ముందు మాట ఇచ్చేశాడు. మా బావ కవచం చేస్తాడు, నేను తొడుక్కుని వీధి చివర నీళ్ల ట్యాంకు దిమ్మె మీద నుంచి దూకుతాను అని. దిమ్మె ఎత్తు పదిహేను అడుగులు.

"అక్కకి చెప్పొద్దు బావా" అన్నాడు ఆ తర్వాత.

పోలరాజు భార్య గంగారత్నానికి కోటి ఆఖరి తమ్ముడు. తల్లి పోతే ఎత్తుకుని పెంచింది. తెలిస్తే ఒప్పుకోదని ముగ్గురికీ తెలుసు. ముగ్గురమూ నోరు మూసుకున్నాం. పైగా బ్యానరు రాసింది నేనే. "ఆకాశం నుంచి దూకే ఉక్కు మనిషి, మన కోటి." అక్షరాలకి నీడలు కూడా దిద్దాను.

రెండు నెలలు పని సాగింది. మోకాలి దగ్గర రొయ్య వీపు చూసి అలాంటి పొరలే కొట్టాడు పోలరాజు. ఒకదాని కిందికి ఒకటి జారే పొరలు. మొత్తం ఇరవై రెండు కిలోలు తూగింది. లోపల ఒంటిని అంటిపెట్టుకుని అంగుళం మందం థర్మోకోల్, వేలు దూరేంత సందు కూడా లేదు. నేను ఎర్ర రంగు, ఇత్తడి రంగు వేశాను. కోటి తొడుక్కుని అయిదు నిమిషాలు నడిచేసరికి చెమటకి కళ్లు మండి, "ఏసీ పెట్టు బావా" అన్నాడు.

"ఇబ్రహీంపట్నం ఫోన్ చేశా. వస్తన్నారు" అన్నాడు పోలరాజు.

పండగ రెండు రోజులుందనగా పరీక్ష పెట్టాడు. మనిషిని ముందే దూకించే రకం కాదతను. "మన పెట్టెకి చేపే సాక్షి" అని కోటి చేత మూడు కిలోల బొచ్చె ఒకటి తెప్పించాడు. కవచం రొమ్ము భాగంలో దాన్ని పెట్టి, చుట్టూ థర్మోకోల్ కూరి, రెండు వైపులా మూతలు బిగించాడు. బరువులెత్తే చెయిన్ బ్లాకుకి తాడుతో కట్టి, షెడ్డు దూలం దాకా లేపి తాడు కోశాడు. గచ్చు మీద ఢామ్మని పడింది. వీధిలో కుక్కలు లేచాయి.

రేకుకి పడింది ఒక్క సొట్ట. మూత తీసి చేపని బయటికి తీశాం. పొలుసు ఊడలేదు. చర్మం కమలలేదు. కన్ను మెరుస్తూనే ఉంది. కోటి చేపని రెండు చేతులా ఎత్తి గంతులు వేశాడు. పోలరాజు ఆ చేప వంక చూసిన చూపులో తల్లి బుట్ట కనిపించింది నాకు.

"దీన్ని అక్కకిచ్చి పులుసు పెట్టమను. పున్నయ్యా, నువ్వూ రా" అన్నాడు.

ఇల్లు పటమటలో. కోటి చేపతో ముందెళ్లాడు. మేమిద్దరం వెళ్లేసరికి గంగారత్నం పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని ఉంది. చేప అప్పటికే రెండు చెక్కలైంది. ఆమె కొయ్యటం ఆపి దాన్నే చూస్తోంది.

"తమ్ముడా, ఈ చేప ఎక్కడ్నించి పడింది?"

ముగ్గురం మొహాలు చూసుకున్నాం.

"పడటం ఏంటక్కా, కైకలూరు చెరువుది. వ్యాన్లో అదిరుంటది" అన్నాడు కోటి.

"అదిరితే పొలుసు లేస్తది. తోలు కమిలిద్ది. దీనికి పైన గోరు గాటు కూడా లేదు." చేప కడుపు తెరిచి చూపించింది. లోపలంతా ఆకుపచ్చగా, పసుపు పచ్చగా ఉంది. వెన్నుముల్లు పొడుగునా నల్లటి నెత్తురు చార. "చేదు తిత్తి పగిలింది. కాలేజం నుజ్జయింది. పుట్టినకాడ్నించీ చేపలు కోస్తన్నా. ఇది మేడ మీద నించి పడ్డ చేప. ఏవయ్యా, నువ్వు చెప్పు."

పోలరాజు దగ్గరికి వచ్చాడు. చేప కడుపు మీద వేలు పెట్టి చూస్తూ నిలబడిపోయాడు. ఆమె నా వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మీరన్నా చెప్పండి."

అన్నయ్యగారూ అన్నాక అబద్ధం నోటికి రాలేదు. బ్యానరుతో సహా చెప్పేశాను.

ఆమె అరుస్తుందనుకున్నాం. అరవలేదు. చేదు కడగకుండా, ఆ భాగం తీసెయ్యకుండా, చేప మొత్తం చట్టిలో వేసింది. చింతపండు పులుసు పోసింది. ఉడికాక కోటికి కంచం పెట్టి, పొట్ట ముక్క ఏరి వేసింది.

"తిను."

కోటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మొహం ముడుచుకుపోయింది. ఉమ్మబోయాడు.

"మింగు. ఎల్లుండి నీ లోపలుండేది ఇదే" అంది గంగారత్నం.

షెడ్డుకి తిరిగొచ్చాక పోలరాజు సుత్తి పట్టుకోలేదు. "రేకు పగల్లేదు. ఖాళీ లేదు. మరెక్కడ తప్పు పున్నయ్యా?" అని అడిగాడు. పుస్తకం తీశాను. ఇద్దరం కింద కూర్చుని సుద్దముక్కతో గచ్చు మీద లెక్క వేశాం. పుస్తకంలో అది నాలుగు వరసల లెక్క. మాకు అర్థమైంది ఇంతే: ఎంత ఎత్తు నుంచి పడ్డామో దాన్ని, ఎంత దూరంలో ఆగామో దాంతో భాగించాలి. పదిహేను అడుగులంటే నూట ఎనభై అంగుళాలు. థర్మోకోల్ నలిగి ఆపేది ఒక్క అంగుళం. అంటే ఆగే ఆ క్షణంలో ఒంటి మీద పడేది నూట ఎనభై రెట్ల బరువు. కోటి అరవై కిలోలు.

పోలరాజు పెదాలు కదిలిస్తూ గుణించాడు. "పది టన్నుల పైన. లోడు లారీ."

"లోడు లారీ."

"అంటే రేకు ఎంత గట్టిదైనా..."

"రేకు ఆగుతుంది. లోపలున్న కాలేజం రేకుని చూసి ఆగదుగా. వస్తున్న ఊపులోనే వస్తుంది."

పోలరాజు సుద్దముక్క కింద పెట్టాడు. "రోడ్డు మీద కుదుపు కుదుపే. పడటం వేరే. నేను పెట్టెలో పడుకుని వచ్చా గానీ, పెట్టెతో పాటు ఎప్పుడూ పళ్లేదు" అన్నాడు. తర్వాత లేచి వెళ్లి, పదహారేళ్లుగా కట్టిన పెట్టెల మీద తనకున్న ఆ ఒక్క పొగరునీ ఎక్కడో పారేసి వచ్చినట్టు, మొహం కడుక్కుని వచ్చాడు. "వాడు దూకకూడదు" అన్నాడు.

కోటి ఒప్పుకోలేదు. పులుసు చేదు నోట్లోంచి పోకపోయినా మాట పోతుందన్న బాధ అంతకన్నా ఎక్కువగా ఉంది. "వీధంతా తెలిసిపోయింది బావా. బ్యానరు కట్టేశారు. ఇప్పుడు దూకనంటే రేపట్నించి వ్యానెక్కి ఎట్టా తిరగను? కవచం ఇయ్యకపోతే ఉత్తి ఒంటితో దూకుతా."

తలుపు తాళం వేసి ఆపే వయసు కాదు వాడిది. పోలరాజు వాదించలేదు. కవచం వీపు మీద, మెడ కింద, ఒక లావుపాటి ఇనప రింగు వెల్డింగు చేశాడు. ట్యాంకు పైనున్న ఇనప కమ్మీకి చెయిన్ బ్లాకు కట్టి, కొక్కెం ఉన్న గొలుసు కిందికి వదిలాడు. "పైన నువ్వొక్కడివే ఉంటావు. కొక్కెం తగిలించుకుంటే నేను దింపుతా. తగిలించుకోకపోతే నీ ఇష్టం. నేను మాత్రం గొలుసు పట్టుకునే ఉంటా" అన్నాడు.

"ఐసు పెట్టె దింపినట్టా?"

"ఆఁ. ఐసు పెట్టె దింపినట్టే."

పండగ రోజు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే వీధి నిండిపోయింది. పక్క షెడ్లవాళ్లు వ్యాన్ల టాపులెక్కారు. నేను రాసిన అక్షరాలు గాలికి ఊగుతుంటే తల ఎత్తి చూడలేకపోయాను. కోటి నిచ్చెన ఎక్కాడు. ఎర్ర కవచం మీద ఎండ పడి మెరిసింది. దిమ్మె అంచున నిలబడి రెండు చేతులూ చాచాడు. ఈలలు మొదలయ్యాయి. "దూకు కోటీ, దూకు" అని ఒకటే గోల.

కింద పోలరాజు గొలుసు పట్టుకుని ఉన్నాడు. పైన కొక్కెం కోటి భుజం పక్కనే ఊగుతోంది. వాడు దాని వంక చూడటం లేదు.

జనంలోంచి గంగారత్నం ముందుకి వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారేజీ. పై గిన్నె మూత తీసి, వాడికి కనపడేలా కొంచెం ఎత్తి పట్టుకుంది. మొన్నటి పులుసు. పారబొయ్యకుండా దాచింది.

కోటి ఆ గిన్నె వంక చూశాడు. గొంతులో ఏదో మింగినట్టు కవచం మెడ కదిలింది. చెయ్యి వెనక్కి పెట్టి తడుముకున్నాడు. కొక్కెం తగిలిన టక్కు చప్పుడు ఆ గోలలో ఎవరికీ వినపడి ఉండదు. పోలరాజుకి వినపడింది. అతని భుజాలు దిగాయి.

తర్వాత ఉక్కు మనిషి ఆకాశం నుంచి దిగాడు. కట కట కటమంటూ, అడుగు దిగటానికి అర నిమిషం. సగంలో గాలికి చుట్టూ తిరిగి జనానికి వీపు పెట్టాడు.

"ఏందిరా ఇది, హీరోనా, ఐసు పెట్టెనా?" ఎవరో అరిచారు.

"జాగర్తగా దింపు రాజూ, లోపల రొయ్యలున్నాయి" ఇంకెవరో అందుకున్నారు.

నవ్వులతో వీధి ఊగిపోయింది. కోటి ముందు బిగుసుకుపోయాడు. తర్వాత వాడూ నవ్వటం మొదలుపెట్టాడు. కవచం లోపల నవ్వు డబ్బాలో గులకరాళ్లలా మోగింది. ఇంకో అర అడుగు ఉందనగా పౌరుషం ఆగలేదు. కొక్కెం తప్పించుకుని, సినిమాలోలాగే ఒక మోకాలి మీద దిగాడు. ఠంగుమంది. తల ఎత్తాడు. లేవలేకపోయాడు. ఇద్దరు పట్టుకుని లేపారు. వారం రోజులు కుంటుతూ వ్యాను నడిపాడు.

"అర అడుక్కే ఇట్టా ఉంది" అని మోకాలికి నూనె రాస్తూ గంగారత్నం మళ్లీ మళ్లీ అనేది. ఎవరితో అంటోందో తెలిసేది కాదు.

వాడికి ఐసు పెట్టె కోటి అన్న పేరు స్థిరపడిపోయింది. చేపల మార్కెట్టులో ఆ పేరు చెబితేనే మనిషిని చూపించేవారు. కవచం చాలాకాలం షెడ్డులో వేలాడింది. తర్వాత రొమ్ము రేకు ఐసు ఎత్తే చేటగా మారింది, నా రంగు అరిగిపోయేదాకా. పోలరాజు ఆ దసరా తర్వాత కట్టిన ప్రతి పెట్టె కిందా పాత టైరు ముక్కలు బిగించేవాడు. ఎందుకని అడిగినవాళ్లకి, "ఆగటానికి కాస్త జాగా ఉండాలండీ" అనేవాడు. అంతకన్నా వివరం చెప్పేవాడు కాదు.

చివరిసారి నలుగురం కలిసి సినిమాకి వెళ్లింది రెండువేల తొమ్మిదిలో. గంగారత్నం కూడా వచ్చింది. తెర మీద ఇంకో కవచం, ఇంకో హీరో. మబ్బుల్లోంచి పడ్డాడు. నేల పగిలింది. హాలు ఈలలతో దద్దరిల్లింది. హీరో మోకాలి మీద నుంచి మెల్లగా లేస్తున్నాడు. నేను పక్కకి చూశాను. కోటి ఈల వెయ్యలేదు. కుర్చీలో వెనక్కి జరిగి, చేత్తో పొట్ట పట్టుకుని, నాలిక పళ్లకేసి రుద్దుకుంటున్నాడు.

"ఏంట్రా?" అన్నాడు పోలరాజు.

"ఏం లేదు బావా. ఆడి చేదు తిత్తి పగిలుంటది."

గంగారత్నం చీకట్లోనే వాడి నెత్తి మీద ఒక్కటి మొట్టి, చేతిలో ఉన్న వేరుశనక్కాయల పొట్లం వాడి ఒళ్లో పెట్టింది.